నాన్న ‘లేరు’ అన్నాను

కాలేజీ ఫీజు కోసం నేను మా నాన్నని చంపేశాను. కంగారు పడకండి. ఆ సమయానికి ఆయన లిలువా రైల్వే వర్క్‌షాపులో నిక్షేపంగా వ్యాగన్ చక్రాలు బిగిస్తున్నారు. తను పోయిన సంగతి ఆయనకీ తెలియదు, చంపిన సంగతి నాకూ తెలియదు.

హుగ్లీ నదికి అవతలి ఒడ్డున ఒక కాలేజీలో సీటొచ్చిన రోజులవి. చదువుకి సాయమంటే స్కాలర్‌షిప్పు ఒక్కటేనని, ఫారం నింపితే చాలు, అది ఇంటికి నడిచొస్తుందని నా నమ్మకం. కంప్యూటర్ షాపు నడిపే తపన్‌దా, అంటే తపన్ అన్న, ఫారంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే బెంగాలీలో అడుగుతూ నింపుతున్నాడు.

“బాబా నేయ్?” అన్నాడు.

నాన్న లేరా అని. వెంట రాలేదా అని అడుగుతున్నాడనుకుని “నేయ్” అన్నాను.

“ఎప్పట్నుంచి?”

“పొద్దున్నించి.”

తపన్‌దా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. లేచి, షాపులో మోగుతున్న పాట ఆపేశాడు. చాలాసేపు నన్నే చూశాడు. టీ తెప్పించాడు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. నా తెలివికి ముచ్చట పడ్డాడనుకున్నాను. వీధి మలుపు తిరిగేటప్పుడు చూస్తే, షాపు గుమ్మంలో నిలబడి ఇంకా నావైపే చూస్తున్నాడు.

వారం తర్వాత స్కాలర్‌షిప్పు ఆఫీసునుంచి ఫోనొచ్చింది. అవతలి గొంతు చాలా మెల్లగా ఉంది.

“మీ నాన్నగారు... లేట్ కదమ్మా?”

“అవునండీ, ఎప్పుడూ లేటే.”

“సర్టిఫికెట్ కావాలి.”

ఆదాయం సర్టిఫికెట్ అనుకున్నాను. “నాన్నే పట్టుకొస్తారండీ, గురువారం.”

అవతల ఏదో కిందపడిన చప్పుడైంది.

“ఎవరు వస్తారు?”

“నాన్న. నది దాటి రావాలి కదా, కాస్త ఆలస్యమవుతుంది.”

ఫోను పెట్టేశారు.

గురువారం పొద్దున్నే ఆకాశం నల్లబడిపోయింది. హౌరాలో లాంచీ ఎక్కేసరికి అవతలి ఒడ్డు కనబడటం లేదు. ఆఫీసుకని నాన్న తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్నారు. చెమటకాయలకని ముఖానికీ మెడకీ పౌడరు దట్టంగా పట్టించారు. వానకి అది తడిసి, ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది.

ఆఫీసులో కరెంటు లేదు. చెక్క మెట్లు ప్రతి అడుగుకీ మూలిగాయి. లోపల పైకప్పు దాకా ఫైళ్లు, వాటి మధ్య కొవ్వొత్తి పెట్టుకుని మండల్‌బాబు అనే ముసలి గుమాస్తా. ఫోనులో విన్న గొంతు ఆయనదే.

“సర్టిఫికెట్ అడిగారుగా, నాన్నని తీసుకొచ్చాను” అన్నాను.

ఆయన నా భుజం మీదుగా గుమ్మంవైపు చూశారు. చీకట్లో తెల్లగా నిలబడ్డ మా నాన్న, వానకి పట్టేసిన గొంతుతో, వచ్చీరాని బెంగాలీలో “ఆమి ఎషేఛి” అన్నారు. వచ్చాను అని.

మండల్‌బాబు కుర్చీతో సహా గోడదాకా వెనక్కి వెళ్లిపోయారు. నా వెనక నిలబడ్డది ఎవరు? మెల్లగా తిరిగి చూశాను. నాన్నే. కానీ ఒక్క క్షణం, నిజం చెప్పొద్దూ, ఆ ముఖాన్ని నేనూ గుర్తుపట్టలేదు.

మండల్‌బాబు ఫైలు ముందుకు తోశారు. నాన్న ఫొటో, పక్కన ‘మరణించారు’ అన్న అక్షరాలు. నాన్న వంగి కొవ్వొత్తి వెలుగులో కూడబలుక్కుని చదివారు.

“ఏటే ఇది? నాను సచ్చిపోనానేటి?”

“నాన్నా, షాపులో తపన్‌దా ‘నాన్న లేరా’ అంటే... లేరన్నాను.”

నాన్న నన్ను తిట్టలేదు. గుమాస్తావైపు తిరిగి చేతులు జోడించారు. “తప్పు మాదే బాబూ. పిల్ల సదువు పోద్దా?”

నాకు ఏడుపొచ్చింది. మండల్‌బాబు నెమ్మదిగా చెయ్యి చాచి నాన్న మణికట్టు పట్టుకున్నారు. వెచ్చగానే ఉన్నట్టుంది, గ్లాసుడు నీళ్లు తాగి కూర్చున్నారు.

“ఈ దరఖాస్తు రద్దు చేస్తాను, కేసేమీ ఉండదు” అన్నారు. “అయినా స్కాలర్‌షిప్పు ఒక్కటే దారని ఎవరు చెప్పారమ్మా నీకు? ఆదాయం చూపించి అడిగితే కాలేజీయే ఫీజు తగ్గిస్తుంది. మీ నాన్న పనిచేసే చోట పిల్లల చదువుకి సాయనిధి ఉంటుంది. అప్పటికీ చాలకపోతే, చదువయ్యాక తీర్చుకునే బ్యాంకు లోను. ముందు తిరిగివ్వక్కర్లేని సాయం అడుగు, లోను చివర్న.”

అలాగే చేశాను. కాలేజీ సగం తగ్గించింది, మిగతాది సాయనిధి ఇచ్చింది. లోను దాకా పోనేలేదు.

ఆ రోజు తిరుగు లాంచీలో నాన్న తడిసిన పౌడరు తుడుచుకుంటూ కూర్చున్నారు. నది మధ్యకొచ్చాక నావైపు తిరిగారు.

“సంపితే సంపినావు గానీ, ఆ కాయితంలో నా వయసు రెండేళ్లు ఎక్కువేసీసినావేటే?”

అక్కడే, హుగ్లీ సాక్షిగా ప్రమాణం చేశాను. పూర్తిగా అర్థంకాని ఏ ప్రశ్నకీ జన్మలో జవాబు చెప్పను. ఇంట్లో ఇంకెవర్నయినా చంపవలసి వస్తే, ముందుగా వాళ్ల పుట్టినతేదీ సరిచూసుకుంటాను.