రాహేలమ్మ ఇచ్చిన ఇనుప మడక

మొన్న కోయిలకుంట్ల సంతలో ఆముదం వాసన తగిలి ఆగిపోయాను. తుప్పు పట్టకుండా ఆముదం పూసిన ఇనుప మడకలు, అదే నాగళ్ళు, ఒక అంగడి గోడకు ఆనించి ఉన్నాయి. యుద్ధం రోజుల్లో ఇనుము కంటికి కనిపించలేదు, ఇప్పుడిప్పుడే మళ్ళీ వస్తోంది. తన చేనికి మడక చూడడానికి నా వెంట వచ్చిన అల్లుడు ఒకదాని మేడి పట్టుకుని ఊపి చూస్తూ, "కొనేదా, బాడుగకు తెచ్చుకునేదా, ఎవురినన్నా అడిగేదా మామా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా తానే జవాబు చెప్పుకున్నాడు. "అడిగేది మనకు పనికిరాదులే. నువ్వు ఆ కాలంలోనే ఎవురి ముందరా చెయ్యి చాపకుండా, బాడుగ కట్టి ఊర్లోకి మొదటి ఇనుప మడక తెచ్చినావంట గదా." మా ఊర్లో ఈ మాట అందరికీ తెలుసు. నేను చెప్పాను కాబట్టే తెలుసు. అది అబద్ధం. ఆ మడక బాడుగకు రాలేదు. దాన్ని ఇచ్చిన మనిషి పేరు రాహేలమ్మ. ఆమెను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా నాయన పోయిన యేడు నాకింకా ఇరవై నిండలేదు. ఆయన చాలాకాలం మంచాన పడి ఉండడంతో మా నల్లరేగడి చేను గరిక పట్టిపోయింది. గరిక అంటే పైన కనిపించే పచ్చదనం కాదు. లోపల దాని వేళ్ళు ఒకదానికొకటి అల్లుకుని చాపలా పరుచుకుంటాయి. కొయ్య మడక దాని మీద గీత గీసి ఊరుకుంటుంది. అలాంటి చేనుకు మా వైపు పెద్ద మడక కట్టేవాళ్ళు. దాన్ని లాగడానికి ఆరేడు ఇళ్ళవాళ్ళు తమ ఎద్దుల్ని తోలుకుని రావాలి. గట్టు తగాదాల్లో మా నాయన ఆ ఇళ్ళన్నిటితోనూ మాటలు మానేసి పోయాడు. మా మేనమామ తేల్చి చెప్పాడు. "వానలకు ముందర గరిక పోయి చేను లేస్తే సరి. లేదంటే గుత్తకిచ్చేసి బేతంచెర్ల బండల గనికి పోదువు. మీయమ్మను నేను చూసుకుంటా." గనికి పోయినవాడు మళ్ళీ సేద్యానికి రావడం నేను చూడలేదు.

ఇనుప మడక కొందామంటే దానికి రెండు జతల ఎద్దులు కావాలి, నాకున్నది ఒకటే. ఆ ఒక్క జతనూ అమ్మితే తప్ప మడక కొనలేను. అమ్మితే దాన్ని లాగేది నేనే. మడకనూ ఇంకో జతనూ బాడుగకు తెద్దామని కోయిలకుంట్లకు పోతే అక్కడి వర్తకుడు, "నీ వంతు వానలైనాక వస్తాది" అన్నాడు. ఇక అడిగి తెచ్చుకోవడమే మిగిలింది. ఇనుప మడక ఉన్నది ఒక్క ఇంట్లోనే. అది ఊరి బయట క్రైస్తవుల పేటలో రాహేలమ్మ ఇల్లు. మా ఇళ్ళవాళ్ళు పని చెప్పడానికి తప్ప ఆ పేటలోకి పోయేవాళ్ళు కాదు. అక్కడున్న మడక ఊర్లో ఉన్నట్టు లెక్క కూడా కాదు. ఆమె భర్త మిషను బంగళా తోటలో పనిచేసేవాడు. దొరలు వెళ్ళిపోతూ అతనికి దాన్ని ఇచ్చిపోయారు. అతను చనిపోయాక, ఆమెకూ రెండో జత లేక, ఆ మడక వసారాలో గోనెపట్ట కింద పడి ఉంది.

ఒకనాడు తెల్లవారకముందే పోయి, వాకిలి బయటే నిలబడి "రాహేలూ" అని పిలిచాను. ఆమె మా అమ్మకంటే పెద్దది. అప్పట్లో మాకు అదే అలవాటు.

"ఎవురప్పా, ఇంత మొబ్బులో?"

"నేను, పైవీధి సుబ్బరాయుణ్ణి. నీ మడక, ఎద్దులు కావల్ల. బాడుగ ఎంతో చెప్పు."

"బాడుగకు ఇయ్యను."

"యాల?"

"బాడుగ కట్టినోడు మళ్ళా మొగం చూడడు. బదులుకైతే తీసకపో. నీ జత, నా జత కలిపి నీ చేను దున్నుకో. అయినాక వచ్చి నా చేను దున్ను."

"దానికేం, మనిషిని పంపిస్తాలే."

"నేను నీ మొగం చూసి ఇస్తాండా, నీ మనిషి మొగం చూసి కాదు."

సరేనని, మడకను అప్పుడే తీసుకుపోతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పొద్దెక్కినాక రా. నలుగురు చూస్తాండంగ తీసకపో. నేనేమన్నా దొంగసొత్తు ఇస్తాండానా?"

పొద్దెక్కాక పోయాను. అరుగుల మీద మాటలు ఆగిపోవడం వినిపించింది. తల ఎత్తకుండా ఎద్దుల్ని తోలుకుపోయాను.

ఆమె గంప పట్టుకుని నా వెనకే చేనికి వచ్చింది. మా వైపు ఆడవాళ్ళను మేడి పట్టనివ్వరు. అందుకని ఆమె గట్టు మీద నుంచే చెప్పేది. నా మొదటి సాలు పామల్లే వంకరపోయింది. మడక ఎగిరెగిరి పడుతోంది. "గొలుసు పొడుగు చెయ్యి. మా ఆయప్ప దాంతో మాట్లాడతా దున్నుతాండె. నువ్వు కొట్లాడతాండావు," అంది. కాడికి కట్టిన గొలుసు పొడుగు చేశాను. కర్రు దిగింది. మట్టి పక్కకు తిరగబడి, గరిక వేళ్ళు తాళ్ళలా తెగుతూ బయటపడ్డాయి. ఆ శబ్దం విని నాకు ఏడుపు వచ్చింది. ఆమె చూసీ చూడనట్టు వేళ్ళు ఏరుకుంటూ పోయింది. నేను గట్టు మీద కూలబడితే, "అప్పుడే యాడికి? వేళ్ళు ఏరకుండా పోతే మళ్ళా మొలుస్తాది. ఎండినట్టే ఉంటాది, నమ్మొద్దు," అని రెండో గంప నా ముందు పెట్టింది. వానలకు ముందే చేను లేచింది. మేనమామ వచ్చి ఒక మట్టిపెడ్డను కాలితో తన్ని చూసి, గని మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆమె చేను దున్నడానికి నేను వెంటనే పోలేదు. ఎద్దు కుంటుతోందన్నాను, అమ్మకు జ్వరమన్నాను. ఆమె కబురు పెట్టలేదు. తన ఎద్దుల్ని తోలుకుపోయి, బాట పక్కనున్న తన చేన్లో పొద్దంతా కూర్చునేది. చివరికి పోయాను. సగం దున్నేసరికి మేనమామ మరో ఇద్దరితో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏమిరా, ఈడ దున్నుతాండావు?"

"బాడుగ తీరుస్తాండా మామా," అన్నాను. "దుడ్లు లేక పనితో కడతాండా."

రాహేలమ్మకు ఆ మాట స్పష్టంగా వినపడింది. లేదని ఒక్క మాట అంటే నా పరువు అక్కడే పోయేది. ఆమె వంగి వేళ్ళు ఏరుకుంది. సాయంత్రం కాడి విప్పుతుంటే మాత్రం, "నేను బాడుగ అడిగినట్టు గ్యాపకం లేదే," అంది. నేను కాడి తాళ్ళు చుట్టసాగాను. "సరేలే. నా చేను దున్నినావు. పో, ఎద్దులకు నీళ్ళు పెట్టు."

మరుసటి యేడు నేను అడగడానికి సిగ్గుపడుతుంటే, గొలుసుకు ఆముదం పూసి పెట్టానని తానే కబురు పంపింది. అలా చాలా యేళ్ళు ఇచ్చింది. ఊర్లో మాత్రం నా మాట పెరుగుతూ పోయింది. పేట పోయి కోయిలకుంట్ల అయింది, పనితో కట్టిన బాడుగ చేతిలో పెట్టిన బాడుగ అయింది, రాహేలమ్మ పేరు లేకుండా పోయింది. నేను దిద్దలేదు.

తర్వాత నేను సొంత మడక కొన్నాను. ఆ యేడే ఆమె మడక విరిగింది. మిట్టమధ్యాహ్నం పెద్దవీధిలో నడిచి వచ్చి, అరుగుల మీద అందరూ చూస్తుండగా మా వాకిట్లో నిలబడి, "సుబ్బరాయుడప్పా, మడక కావల్ల," అంది.

"తీసకపో అమ్మా," అన్నాను. అమ్మా అని పిలవడం అదే మొదలు.

నవ్వు లేని మొహంతో ఆమె అడిగింది. "బాడుగెంత?"

ముందు ఆమే నవ్వింది, తర్వాత నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో అరుగుల మీదివాళ్ళకు తెలియదు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

ఆమె పోయి చాలాకాలమైంది. ఆ చేను ఇప్పుడు ఆమె మనవడు యేసయ్య చేస్తున్నాడు. ప్రతి యేడూ నా చేనికంటే ముందు అక్కడ నా మడక కడతాను. నిన్న దున్నుతుంటే మేనమామ కొడుకు గట్టు మీద ఆగి, "ఈ వయసులో ఈడ నీకేం పని బావా?" అన్నాడు.

"బదులు తీరుస్తాండా."

"ఏం బదులు?"

ఎద్దుల్ని ఆపాను. గట్టెక్కి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి చెప్పాను.