తిరగేసి పెట్టుకున్న హెడ్‌ఫోన్

మొన్న వికారాబాద్‌లో మా ఇంటికి కొరియర్‌లో ఒక చిన్న డబ్బా వచ్చింది. లోపల హెడ్‌ఫోన్‌కు తగిలించే వైరు. జడలా అల్లి ఉంది, కొసకు బంగారు పూత. పాతది బాగానే ఉంది కదా అంటే మా అమ్మాయి నన్ను జాలిగా చూసి, "గిది పెడితే పాట మస్తు క్లియర్ వస్తదమ్మా" అంది. నేను వాదించలేదు. హెడ్‌ఫోన్ వైరు మీద వాదన అంటే నాకు తాండూరులో ఉండే మేనమామే గుర్తొస్తాడు. ఆ విషయంలో ఆయన్ను గెలవడం ఎవరి తరమూ కాలేదు.

మామది నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని. బండలు ఏరడం ఆయన విద్య. వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గరగా పెట్టి వింటాడు. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. కంటికి కనపడని నెర్రె కూడా ఆయన చెవికి దొరికిపోయేది. పరిగి నుంచి ఇల్లు కట్టుకునేవాళ్లు వచ్చి "ఆయన తట్టిన బండలే ఇయ్యుండ్రి" అని ఫ్యాక్టరీ సేటును అడిగేవాళ్లు. ఆ మాట ఆయనకు జీతం కన్నా ఎక్కువ. ఇంట్లోనూ అదే అలవాటు. కుండ, కొబ్బరికాయ, కొత్త స్టీలు గిన్నె, అన్నీ ఆయన చేత తట్టించుకున్నాకే వంటింట్లోకి వెళ్లాలి. నా పెళ్లిచూపులప్పుడు పెళ్లికొడుకును కూడా తట్టి చూస్తాడేమోనని మామ భార్య, మా అత్త, భయపడిందట.

సాయంత్రం పూట ఫోన్‌కు పెద్ద హెడ్‌ఫోన్ తగిలించుకుని తత్వాలు వినేవాడు. కొన్ని తెలుగువి, కొన్ని కన్నడవి. కొన్నేళ్ల కిందట, ఎడమ పక్క మందంగా వస్తోందని మొదలుపెట్టాడు. తప్పు వైరుదేనని తేల్చి బజారు నుంచి ఇంకోటి తెచ్చాడు. రెండ్రోజులు భేషుగ్గా ఉండేది, తర్వాత మళ్లీ మందం. దాంతో ఇంకా లావుది, ఇంకా మంచిది. పాత వైర్లన్నీ గోడ మేకుకు పలుపుతాళ్లలా వేలాడేవి. "కొత్త వైరు పెట్టినప్పుడల్లా సౌండు పెంచుతడు, గందుకే మంచిగ వినొస్తది" అని అత్త నా చెవిలో చెప్పింది. నాకు తెలిసినంతలో వైరు లోపల తెగితే గరగరమంటుంది, లేదా ఒక పక్క పూర్తిగా పోతుంది. బాగున్న మామూలు వైరుకూ ఖరీదైన వైరుకూ ఆ కాస్త పొడవులో చెవికి తెలిసేంత తేడా ఉండదు. ఆ మాటంటే మామ ఒప్పుకోడు. "రాయికి రాయికి తేడా ఉన్నప్పుడు రాగికి రాగికి ఉండదా బిడ్డా?" అనేవాడు.

ఆ రోజుల్లోనే ఆయన ఏరిన బండలు పరిచాక పగులుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. గనిలో రాయే చెడిపోయిందన్నాడు మామ. సేటు పైకి ఏమీ అనలేదు గానీ, ఏరడానికి ఇంకొకరిని చూస్తున్నాడని అత్తకు తెలిసింది. మామకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

నాకు సెలవున్న ఒకరోజు, ఆయన అడిగాడని మంచి వైరు ఒకటి కొని రైల్లో తాండూరు వెళ్లాను. మామ అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. చేతుల నిండా రాతి బురద. అయినా ఆగలేక "జర నువ్వే పెట్టు" అని అత్త ముందు తల వంచాడు. ఆమె ఎదురుగా నిలబడి పెట్టింది. తత్వం మొదలైంది. మామ కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు.

"గిది గూడ గంతే. ఎడమ దిక్కు మందం."

అప్పుడు చూశాను. ఎప్పుడూ ఎడమ భుజం మీద వేలాడే వైరు కుడి భుజం మీద ఉంది.

"అత్త ఉల్టా పెట్టింది మామా" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

"అంటే ఎడమది ఇప్పుడు కుడి చెవికి ఉన్నదా?"

"అవును మామా."

"తప్పు వైర్ల ఉంటే మందం గూడ కుడికి రావాలె గద."

నాకు చాలా బాధేసింది. ఇన్నేళ్లూ పాలిషింగ్ మిషన్ రొద వైపు ఉన్నది ఆ ఎడమ చెవే. బండ దగ్గర పెట్టేదీ దాన్నే.

మామ చేతులైనా కడుక్కోకుండా ఫ్యాక్టరీకి బయల్దేరాడు, వెనకాలే మేము. పరిగి వెళ్లాల్సిన బండలు గోడకు ఆనించి ఉన్నాయి, పొద్దున ఆయన ఏరినవే. ఒక్కోదాన్ని మళ్లీ తట్టి, ఈసారి కుడి చెవి పెట్టి విన్నాడు. కొన్నింటిని పక్కకు జరిపాడు. తర్వాత సేటు గది గుమ్మంలో నిలబడి, పనివాళ్లందరికీ వినపడేలా చెప్పాడు.

"పరిగి లోడు ఆపుండ్రి సేటూ. గనిల రాయి మంచిదే. నా ఎడమ చెవే పోయింది."

సేటు ఆయన్ను మానిపించలేదు. మామ ఇప్పటికీ కుడి చెవితోనే బండలు ఏరుతున్నాడు, మిషన్ దగ్గరికి వెళ్లేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటాడు. ఆ వైర్లన్నీ ముడేసి అత్త మల్లెతీగను డాబా మీదికి పాకించింది.

మా అమ్మాయి కొత్త వైరు తగిలించి నా తలకు పెట్టి, "చెప్పమ్మా, తేడా తెలుస్తలేదా?" అంది. పాట విన్నాను. హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకుని మళ్లీ విన్నాను. ఏ హెడ్‌ఫోన్ చేతికొచ్చినా ఇప్పుడు నాకదే అలవాటు. ఇంతవరకు రెండు పక్కలా ఒకేలా వినిపిస్తోంది. ఆ 'ఇంతవరకు' అనే మాటతో వయసులో ఉన్నప్పుడు నాకెప్పుడూ పని పడలేదు.