ఈశాన్యం మూలలో బీప్

1984 చలికాలం. రాస్ అల్ ఖైమాలో కొండల కింద ఒక రాళ్ల క్వారీలో నేను ఎలక్ట్రీషియన్ని. షిఫ్టు మధ్యాహ్నం మొదలయ్యేది. కాబట్టి పొద్దున నాకు రెండే పనులు: పడుకోవడం, క్యాంపులో ఎవడి గురక గట్టిదో వాదించుకోవడం. ఆ రోజుల్లో సముద్రం పక్కన పాత రేవు ఊరిని తవ్వుతున్న విదేశీ బృందం నుంచి కబురొచ్చింది. వాళ్ల మెటల్ డిటెక్టర్ మూగబోయిందట. వెళ్లి చూస్తే కాయిల్ దగ్గర ఒక తీగ ఊడింది. పది నిమిషాల పని. టంకం పెట్టి ఇచ్చాక బృందానికి పెద్ద అయిన, తవ్వకాల చదువులో డాక్టరైన డాక్టరమ్మ, "దీన్ని పట్టుకుని నువ్వే నడుస్తావా?" అని అడిగింది. జీతం లేదు, చాయ్ బిస్కట్లు ఉన్నాయి. అలా వాలంటీర్నయ్యాను. ఇంటికి మాత్రం సైంటిస్టుగా ప్రమోషన్ వచ్చిందని ఉత్తరం రాశాను.

డిటెక్టర్ అంటే కర్ర చివర ఒక పళ్లెం. కింద లోహం ఉంటే హెడ్‌ఫోన్‌లో బీప్ అంటుంది. అది బంగారమా, చేపల డబ్బా మూతా అన్నది దానికి అనవసరం. నాకొచ్చిన మొదటి ఇరవై బీపుల్లో పద్దెనిమిది మేకులు, ఒకటి డబ్బా మూత, ఒకటి ఇనుప ముక్కున్న నా బూటు.

అంచులు కత్తితో కోసినట్టు నలుచదరంగా తవ్విన గుంతను ట్రెంచ్ అంటారు. అందులో మట్టి తీసేది ఒక కాంట్రాక్టర్ మనుషులు. అందరూ బలూచీలే, ఒక్క రాజన్న తప్ప. రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. అక్కడ పేరున్న తాపీమేస్త్రి, ఇక్కడ తట్ట మోసే మనిషి. దుబాయ్ వచ్చి ఏడు నెలలు. కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్‌ను అందరం ముదీర్ అనేవాళ్లం. ఆయన రోజూ పొద్దున వినిపించే సుప్రభాతం ఒకటే: "కుచ్ గాయబ్ హువా, కుచ్ ఖరాబ్ హువా, ఖలాస్! సీదా ఘర్!" ఏది పోయినా, ఏది పాడైనా నేరుగా ఇంటికే అని. ఉత్త బెదిరింపు కాదు. అంతకు నెల ముందే కుండ పగలగొట్టిన ఒకతను విమానం ఎక్కాడు.

మూడో వారంలో ఒక పాత ఇంటి గది బయటపడింది. పునాది రాళ్ల మధ్య దిమ్మిస చేసిన మట్టి నేల, ఎక్కడా పగులు లేదు. ఇలాంటిదాన్ని సీల్డ్ ఫ్లోర్ అంటారు, మూత తీయని సీసా లాంటిది. దాని కింద ఏది దొరికినా ఇల్లు కట్టకముందు పడిందే. ఒక్క నాణెం దొరికితే చాలు, ఇల్లు ఎప్పటిదో అంచనా కట్టొచ్చు. అది బయటపడ్డ నాలుగో రోజున ప్రభుత్వ అధికారి చూడ్డానికి రావాలి. వచ్చే ఏడాది తవ్వకానికి అనుమతి ఇవ్వాలో వద్దో ఆ నేలను చూసే తేలుస్తాడు. డాక్టరమ్మ రెండు రోజులుగా దాని మీద చెప్పుల్లేకుండా నడుస్తోంది.

ఆయన రావడానికి ముందు రోజు పొద్దున నేను పళ్లెం తిప్పుకుంటూ ఈశాన్యం మూలకు వచ్చాను. బీప్. బూట్లు విప్పి మళ్లీ తిప్పాను. బీప్.

డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని చిన్న తాపీతో గీరింది. ముందు పసుపు రంగు మట్టి వచ్చింది. "ఏదో రంగు పొడి!" అని సంబరంగా సంచిలోకి ఎత్తింది. నాకు ఎందుకో మా క్యాంపు వంటగది వాసన వచ్చింది. తర్వాత అదే రంగులో ఒక నాణెం. దాని మీద తామర పువ్వు.

"తామర! ఇండియాతో వ్యాపారం!" అంది.

ఆ నాణెంతో నేను చిన్నప్పుడు సోడా తాగాను. ఇరవై పైసలు. తిప్పి చూపించాను: సింహాలు, కింద సంవత్సరం కూడా ఉంది. అంత కచ్చితమైన తేదీ ఆ సీజన్ మొత్తంలో ఆమెకు మరొకటి దొరకలేదు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా కంటికి కనబడకుండా ఒకచోట నేల కోసి పూడ్చారంటే ఇంకెన్ని చోట్ల కోశారో నాకెలా తెలుస్తుంది? ఈ నేలను ఇక నమ్మలేను. రేపు ఆయనకు ఆ మాటే చెప్పాలి," అంది నెమ్మదిగా.

ముదీర్‌కు అంత లోతు ఆలోచన అక్కర్లేదు. "సిక్కా హిందీ. యహా హిందీ దో. నామ్ బోలో, నహీ తో దోనో ఖలాస్." సిక్కా అంటే నాణెం, హిందీ అంటే ఇక్కడ ఇండియావాడని. ఇద్దరిలో ఒకణ్ని నేను, మా క్వారీకి ఆయన ఒక్క కబురు పెడితే చాలు.

రాజన్న నన్ను తట్టల చాటుకు లాగాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"తమ్మీ, గా పైస నాదే, నేనే వెట్టిన."

"ఏం పుట్టిందే అన్నా నీకు?"

"మొన్న అందరు తినవోయినప్పుడు పునాది జూసిన. ఈశాన్యం మూలకు రాళ్ల సందుల వెతికిన, పైస లేదు, పసుపు లేదు. ఎవ్వలో పాపం, ఉత్తగనే కట్టుకున్నరు. గందుకే కూలింది."

"అది కూలి వందల ఏండ్లాయె!"

"నేనదే అంటున్న గదా."

"చెప్తే నువ్వు ఇంటికి. చెప్పకుంటే ఇద్దరం ఇంటికి, ఆమె నేల మన్నుల గలిసె. ఏమంటవ్?" అన్నాను.

రాజన్న చేతులకంటిన మట్టి గీరుకున్నాడు. "ఏడు నెలలకే మొకం పట్టుకోని వోతే ఊళ్లె ఏమంటరు..." అన్నాడు. మళ్లీ తనే, "నడు. మేస్త్రిని నేను. చేసిన పని దాస్తనా," అన్నాడు.

నేను అనువదించాను. డాక్టరమ్మ మొత్తం విని ఒకే ప్రశ్న వేసింది. "ఎంత మేర కోశాడు?"

"జానెడు అడ్డం, బెత్తెడు లోతు. అదే మన్ను తడిపి, మూడు వరసలు దిమ్మిస కొట్టిన. నమ్మకపోతే నీళ్లు జల్లుమను తమ్మీ. కొత్త మన్ను నీళ్లు జల్ది తాగుతది, పాతది తాగది. జాడ లేస్తది."

ఆయన నేరం ఏమిటంటే పనితనమే. కొంచెం చేతగాని మేస్త్రి అయితే డాక్టరమ్మ ముందు రోజే పట్టేసేది.

మందుకొట్టే పంపుతో ఆమే నేలంతా సన్నగా నీళ్లు చల్లింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ముదీర్ కూడా బిగబట్టాడు, ఆయన పొట్టకు అది చిన్న పని కాదు. మూలలో నాణెం తీసిన గుంత చుట్టూ నల్లటి ఉంగరంలా ఒక గీత తేలింది. జానెడే. మిగతా నేలంతా ఒకే రంగులో తడిసి, ఒకే రంగులో ఆరింది. ఇంకో ఉంగరం లేదు.

"ఇప్పుడు నువ్వు," అంది నాతో.

బీప్ కోసం నడవడం నా పని. ఆ రోజు మాత్రం బీప్ రావద్దని మొక్కుకుంటూ గది అంతా రెండుసార్లు తిప్పాను. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. నా జీవితంలో విన్న సంగీతాల్లో అదే గొప్పది. చెవుల మీంచి తీసి తల అడ్డంగా ఊపగానే డాక్టరమ్మ అక్కడే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. రాజన్న నవ్వాలో ఏడవాలో తెలియక నా భుజం గుద్దాడు. నొప్పి రెండు రోజులుంది.

ముదీర్ టికెట్ మాట ఎత్తబోతే ఆమె ఆపేసింది. "నన్ను మోసం చేయగలిగినవాడు మిగతావాళ్లు నేలలో కోసి పూడ్చినవి కూడా పట్టగలడు. ఇతను నా ట్రెంచ్‌లోనే ఉంటాడు." ముదీర్ ఆకాశం కేసి చూసి, "యల్లా, షుగుల్!" అన్నాడు. అంటే పనిలోకి పదండని. అంత తియ్యగా ఆ మాట ఎన్నడూ వినలేదు. మర్నాడు అధికారి నేలనూ చూశాడు, ఉంగరాన్నీ చూశాడు, కథ విని రాజన్నను పిలిచి చేయి కలిపాడు. అనుమతి వచ్చింది.

సీజన్ చివర ట్రెంచ్‌ను ఇసుకతో మళ్లీ పూడుస్తారు. దాన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. ఆ పొద్దున డాక్టరమ్మ జేబులోంచి ఆ ఇరవై పైసలు తీసింది. తర్వాతెవరైనా ఇక్కడ తవ్వితే తమకన్నా ముందు మనుషులు వచ్చి వెళ్లారని తెలియాలి కదా, అందుకని పూడ్చేముందు తమ కాలపు నాణెం ఒకటి అడుగున వేయడం తమ పనిలో అలవాటట. "మీ ఈశాన్యం ఏ వైపు?" అని అడిగింది.

రాజన్న చూపించాడు. ఆమె పెట్టింది.

"జూసినవా తమ్మీ," అన్నాడు నాతో, "ఆమెకు ముందుగాలనే తెల్సు. మనల పరీచ్చ జేసింది."

నేను ఆ పనిలో నేర్చుకున్నది ఇంతే: మెషిన్ లోహం ఉందని చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. అందుకే ఇప్పుడు క్వారీలో కేబుల్ వెతకడానికి వెళ్లినా, మట్టి తీసేముందు అక్కడ ఇదివరకు ఎవరు పనిచేశారో కనుక్కుని, వాళ్లతో ఒక చాయ్ తాగుతాను.

ఆ రోజు ఇసుక పోసేముందు అలవాటు కొద్దీ ఆ మూలన ఒకసారి పళ్లెం తిప్పాను. బీప్ అంది. ఎవరూ మోకాళ్ల మీద కూర్చోలేదు. రాజన్న మొదటి తట్ట ఎత్తి పోశాడు.