నాడి ఇరవై కొట్టుకునేదాకా

బోర్డు గదిలో తడి ఉన్ని కోట్లు హీటరు పక్కన ఆరుతున్న వాసన తగలగానే నా వేళ్ళు నా మణికట్టును వెతుక్కుంటాయి. అది కరుణమ్మగారి అలవాటు. డెట్రాయిట్ దగ్గరి మా చిన్న ఊళ్ళో ఆమె ఆసుపత్రిలో మా హెడ్ నర్సు, తెలుగు చర్చికి పెద్దదిక్కు, ఆపైన ఊరి పాలన చూసే టౌన్‌షిప్ బోర్డు మెంబరు. ఎవరికైనా జవాబు చెప్పేముందు తన నాడి తానే పట్టుకుని ఇరవై దెబ్బలు లెక్కపెట్టేవారు. ఆలోగా ఎదుటివాళ్ళకి గడ్డాలు మొలిచేవని నేను ప్రచారం చేసేదాన్ని.

ఎనభైల్లో ఒక నవంబరు. మంచు కరెంటు స్తంభాల మెడదాకా పడింది. సరే, మోకాళ్ళదాకా అనుకోండి. మా ఆరేళ్ళ అమ్మాయి లిల్లీ బడికి దాటే రోడ్డు మీద సిగ్నల్ లేదు. ఆ వారమే ఒక ట్రక్కు జారి, లిల్లీ తలమీంచి ఎగిరిన టోపీని తొక్కుకుంటూ పోయింది. ఇది మాత్రం కల్పన కాదు. టైరు ముద్ర పడిన ఆ టోపీని కరుణమ్మగారి చేతిలో పెట్టాను. ఆమె సిగ్నల్ సంగతి బోర్డు ముందుకు తెచ్చిన రోజున వెనక వరసలో కూర్చున్నాను.

“లెట్ అజ్ టేబుల్ ఇట్,” అన్నారామె ధీమాగా. మన దేశంలో దానికి చర్చకు పెట్టమని అర్థం. చేతులన్నీ లేచాయి, ఆమెది కూడా. ఛైర్మన్ ఫైలు మూసి తర్వాతి అంశం పిలిచాడు. అమెరికాలో టేబుల్ చెయ్యడమంటే పక్కన పడేయడమని నా పక్కావిడ జాలిగా చెప్పింది.

పరుగున ఆమె కుర్చీ వెనక్కి చేరాను. “సిస్టర్, కొంప మునిగింది! మోసం చేశారని అరవండి. లేదా కళ్ళు తిరిగినట్టు పడిపోండి, నేను పట్టుకుంటా.”

“నోర్ముయ్యవే, కథలపుట్టా. తప్పు నాది.”

ఆమె వేళ్ళు మణికట్టు మీదికి వెళ్ళాయి. ఆ ఇరవై దెబ్బల్లో నా కూతురు ఆ రోడ్డు ఇరవైసార్లు దాటింది.

తాను పొరపాటు మాట వాడానని, ఓటు వెనక్కి తీసుకుని మళ్ళీ చర్చ అడుగుతున్నానని మైకులో చెప్పారు. కొందరు నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి, సంచిలోంచి లిల్లీ టోపీ తీసి బల్లమీద పెట్టారు. “మా దేశంలో టేబుల్ చెయ్యడమంటే ఇదీ.”

ఒక్క ఓటు తేడాతో సిగ్నల్ వచ్చింది. కార్లో అడిగాను, “మీరు కళ్ళు తిరిగినట్టు పడిపోయినా సిగ్నల్ ఇచ్చేవాళ్ళేగా?”

“ఇచ్చేవాళ్ళే. ఆ తర్వాత నా మాట కూడా నీ మాటలాగే అయ్యేది.”

ఇప్పుడు ఆ కుర్చీ నాది. నాలుక కథ అల్లబోతుంటే వేళ్ళు మణికట్టు మీదికి పోతాయి. గుండె ఆనాటిలాగే దడదడ. ఇరవై అయ్యేసరికి సగం అబద్ధాలు చల్లారతాయి. మిగతా సగం బోర్డు గదిలో విప్పను. మీలాంటివాళ్ళ కోసం దాచుకుంటాను.