అవ్వ నోట్లో ముప్పై రెండు

మూడు రోజులుగా కుడి దవడ వాచి నోరు తెరవడమే కష్టమైంది. ఎమ్మిగనూరులో జిరాక్సు అంగట్లో కంప్యూటరు ముందు కూర్చునే పని నాది. వచ్చినవాళ్లకు సైగలతో జవాబు చెబుతూ రెండు రోజులు నెట్టుకొచ్చాను. మూడోరోజు ఆదోనిలో పళ్ల డాక్టరు దగ్గరికి బయలుదేరితే, మా నాన్నను కన్న అవ్వ తోడొస్తానంది. ఎనభై దాటిన మనిషి. మండే ఏప్రిల్. వద్దంటే వినలేదు.

"నువ్వు యాడన్నా కండ్లు తిరిగి పడితే ఎవురు పట్టుకుంటారు పాపా?" అంది.

బస్సులో తడి తువ్వాలు తలమీద కప్పుకొని కూర్చుంది. "మా కాలంలో ఎండ ఇంత లేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుంటే సల్లగుండేది. ఇప్పుడు మిద్దెల్లో రొట్టెల మాదిరి కాలుతాండాము" అంది. నవ్వబోతే దవడ కలుక్కుమంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే చూపించి, నా జ్ఞానదంతం చోటు లేక అడ్డంగా పడుకొని పక్క పన్నును తోస్తోందని చెప్పింది. "చిన్నప్పటి నుంచి మెత్తటివే తింటున్నాం కదా. నమిలే పని తగ్గితే దవడ సరిగా పెరగదు. కొందరికి ఈ పన్ను పుట్టడమే లేదు" అంది.

అవ్వ ముందుకు వంగింది. "నాకుండాయేమో సూడమ్మా."

డాక్టరమ్మ లైటు వేసి ఒకసారి లెక్కబెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కబెట్టింది. ముప్పై రెండూ ఉన్నాయి. నర్సును పిలిచి చూపించింది. బయట వరసలో కూర్చున్న ఇద్దరు కూడా లోపలికి తొంగిచూశారు.

"ఏం తినేవాళ్లు అవ్వా?"

"జొన్న రొట్టె, ఏంచిన సెనగలు. సెరుకైతే పండ్లతోనే సీల్చుకొని తింటాంటిమి."

"ఆ కాలమే మంచిది" అన్నాను నేను, దవడ పట్టుకొని.

అవ్వ నావైపు తిరిగింది. "మంచిది యాడిది? మేము ఏడుమంది పుట్టినాము. ముసలితనం సూసింది నేనొక్కదాన్నే. మా అన్నకు ఇట్లే దవడ వాసింది. ఆకు నూరి పట్టేసినారు. జొరమొచ్చి వారానికి పోయినాడు. నీకు సూదేసి పీకుతారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

ఆమె ఎండలో నా వెంట ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. పన్ను ఊడేదాకా నా కాలు పట్టుకొనే కూర్చుంది. ట్రేలో దాన్ని చూడగానే నాకు ఒళ్లంతా తేలికైపోయింది.

చల్లటిది తినమని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి బస్టాండు దగ్గర రెండు ఐస్‌క్రీములు కొన్నాను. పెదవి మొద్దుబారి ఉంది. నాది నోట్లోకి పోకుండా గడ్డం మీదుగా కారింది. అవ్వ కొంగుతో తుడుస్తూ నవ్వింది, నేను నవ్వితే మళ్లీ కారింది, అది చూసి ఇంకా నవ్వింది. ఇద్దరం ఊపిరాడక బెంచీ మీద ఒకరి మీద ఒకరం వాలిపోయాం. చివరికి నాదీ ఆమే తినేసింది.

ఎమ్మిగనూరులో దిగాక ఆటో వద్దని ముందు నడిచింది. నోట్లో దూదితో నేను వెనకపడ్డాను. నేను వీధి మలుపు తిరిగేసరికి కబురు నాలుగిళ్లు దాటిపోయింది. అరుగు మీద అవ్వ నోరు తెరిచి కూర్చుంది, ఎదురింటి పిన్ని సెల్ఫోను లైటు పట్టుకుంది, ఇంకొకామె వేలితో లెక్కబెడుతోంది.

"సరిగ్గా ముప్పై రెండు" అని తేల్చింది ఆమె. "నావి సూడు మే" అని పిన్ని వైపు తిరిగి తనూ నోరు తెరిచింది.

మగ్గాలు ఆపి మగవాళ్లు కూడా వచ్చారు. చూస్తుండగానే వీధి సగం ఒకరి నోట్లో ఒకరు తొంగిచూసుకుంటూ నిలబడింది. వాచిన దవడతో నేను ఎవరికెన్ని పళ్లో అంకెలు చెబుతుంటే, మా అమ్మ అందరికీ వేయించిన సెనగలు పంచింది.