కొడుకును అడగడానికి అడవికి వెళ్లాను

సహోదరులారా, సహోదరీలారా, జవానుగా పనిచేస్తున్న నా కొడుకు జాన్సన్‌ను అడవిలో సాయుధులు పట్టుకుపోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పాపిరెడ్డిపట్టిలో ఒక ఇంటి కాంక్రీటు పనిలో, నెత్తిన జల్లి కంకర తట్టతో ఉన్నాను. క్యాంపు ఆఫీసరు హిందీలో ఏదో చెప్పాడు, నాకు అందులో కొడుకు పేరు ఒక్కటే అర్థమైంది, తర్వాత తమిళం వచ్చిన జవాను ఒకడు ఫోన్ తీసుకుని, కాల్పుల్లో తోటివాళ్లు కొందరు పోయారని, మావాణ్ణి మాత్రం ప్రాణాలతో తీసుకుపోయారని చెప్పాడు.

అవి చీకటి రోజులు. మా ఆయన కట్టడం మీదినుంచి పడి కాలు పోగొట్టుకున్న మనిషి, కోడలు కడుపుతో ఉంది, టీవీవాళ్లు గుమ్మం వదలరు. ఒక నాయకుడు వచ్చి కెమెరా ముందు ఆ పట్టుకున్నవాళ్లను తిట్టమన్నాడు, నా బిడ్డ వాళ్ల చేతుల్లో ఉండగా తిట్టడానికి నాకేమైనా పిచ్చా? పెద్దవాళ్లు చూసుకుంటారు, నీవల్ల ఏమవుతుంది అని చుట్టాలన్నారు. మన సంఘం మాత్రం నాతో ఉపవాసముండి మోకరించింది. "ప్రభువా, నాకు చదువు రాదు, హిందీ రాదు, అయినా వాణ్ణి కన్నది నేను, నన్ను అక్కడికి చేర్చు" అని ప్రార్థించాను.

మధ్యవర్తిగా మాట్లాడుతున్న రిటైర్డు పంతులు ఒకాయన కబురు పంపాడు: పోలీసులు లేకుండా ఇంటివాళ్లెవరైనా వస్తే మాట్లాడతారట, వాళ్ల నాయకుడు తెలుగువాడట. మన తెలుగు ఎప్పుడైనా గడప దాటిందా? బజారులో తమిళం, బస్సులో తమిళం, బైబిలు చదివేది కూడా తమిళంలోనే. ఇంట్లో మిగిలిన ఆ భాషతోనే దేవుడు నన్ను బయలుదేరదీశాడు.

రైలెక్కి, జీపెక్కి, ఆపైన పంతులు వెనక నడిచి, అడవిలోని ఒక ఊరికి చేరాను. ఊరి జనమంతా నేల మీద కూర్చుని ఉన్నారు, మధ్యలో నా బిడ్డ, గడ్డం పెరిగి, చేతులు కట్టేసి. నేను వాడి దగ్గరకు పోబోతే నా కోడలి వయసు పిల్ల తుపాకీ అడ్డం పెట్టింది.

"ఎక్కడి తెలుగమ్మా నీది, గిట్లున్నది?" అన్నాడు నాయకుడు.

"తమిళనాడులో ధర్మపురి పక్క నాయినా. మా పెద్దోళ్లు ఎప్పుడో ఆడికి వచ్చి ఉండిపోయినారు. కూలి చేసుకొని బతికేటోళ్లం. నా కొడుకును అడిగేదానికి వచ్చినాను."

"ఇడిచిపెడ్తం. మళ్ల యూనిఫాం వెయ్యడని నీ దేవుని మీద ఒట్టేసి చెప్పు."

సహోదరులారా, ఒక్క మాట అంటే చాలు, బిడ్డ నావాడు. అనమని పంతులు కళ్లతో బతిమాలుతున్నాడు. నా నాలుక మీదికి వచ్చేసింది కూడా. "ప్రభువా, పొద్దున నిన్ను పిలిచింది ఈ నోరే, దీన్ని నువ్వే చూసుకో" అని లోపలే అనుకున్నాను.

"ఒట్టు వెయ్యలేను నాయినా," అన్నాను. "ఉద్యోగం వాడిది, నాది కాదు. ఇంటికి పోయినాక మానుకోమని అడుగుతాను. వాడేం చెప్తే అది ఉన్నదున్నట్టు నీకు కబురు చేస్తాను. అంతకు మించి చెప్తే దొంగమాట అవుతుంది. వాణ్ణి ఇయ్యకపోతే నేనూ ఈడనే ఉంటాను. కట్టెలు కొట్టేది, నీళ్లు మోసేది నాకు చేతనవును."

పంతులు తల పట్టుకున్నాడు. నేను నేల మీద చతికిలబడ్డాను. మా ఆయన నన్ను మొండిదని పెళ్లైన నాటినుంచీ అంటున్నాడు, ఆ మొండితనం దేవుడు ఇచ్చిందేనని ఆ రోజు తెలిసింది. వాళ్లు పక్కకు పోయి చాలాసేపు గట్టిగా వాదించుకున్నారు, కొందరికి ఇష్టం లేదని గొంతుల్లోనే తెలుస్తోంది, నేను మాత్రం కూర్చున్నచోటినుంచి లేవలేదు.

నాయకుడు తిరిగి వచ్చాడు. "ఇంతకుముందు వచ్చినోళ్లంత ఒట్టేసిన్రు. ఒక్కరు నిలబెట్టుకోలె. తీస్కపో అమ్మా," అన్నాడు. ఆ తుపాకీ పిల్లే కట్లు విప్పింది. దేవునికే మహిమ!

ఇంటికి వచ్చాక మాట ప్రకారం వాణ్ణి అడిగాను. మాననన్నాడు. బిడ్డ పుట్టబోతోంది, వేరే పని తెలియదు, చచ్చిపోయిన స్నేహితులను వదిలేసినట్టు ఉంటుందన్నాడు. నా గుండె తరుక్కుపోయింది. అయినా, వాడు మళ్లీ డ్యూటీకి పోయాడని పంతులు చేత అడవికి కబురు చేయించాను. చుట్టాలు నన్ను తిట్టని తిట్టు లేదు, ఈసారి దొరికితే వదలరు, నీ చేతులతో నువ్వే చంపుకున్నావు అన్నారు. అటునుంచి బదులు రాలేదు. నేను రోజూ ప్రార్థనలో ఆ భయాన్ని ప్రభువు ముందు పెడుతూనే ఉన్నాను.

మొన్న పంతులు ఫోన్ చేశాడు. ఇంకొక జవాను వాళ్ల చేతికి చిక్కాడు, ఎక్కడో ఉత్తరాది బిడ్డ. వాడి తల్లి వస్తానంటోంది. నాయకుడు చెప్పి పంపాడట: "ధర్మపురి అమ్మను తోడు తీస్కొని రమ్మను. ఆమె అబద్ధం చెప్పదు."

నా దేవుడు నన్ను సిగ్గుపడనివ్వలేదు. మీ ఇంట్లో చేజారిపోయారనుకున్న బిడ్డలు ఎవరైనా ఉంటే ఆయనను నమ్మండి, నిజమే మాట్లాడండి, అడగడం మానకండి. ఈ ఆరాధన కాగానే నేను రైలెక్కుతున్నాను. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు, ఆమె భాష రాదు, మన ప్రభువును ఆమె ఎరుగునో లేదో కూడా తెలియదు. ఆమె బిడ్డ కోసం, వాణ్ణి పట్టుకున్నవాళ్ల కోసం, ఆ తుపాకీ పిల్ల కోసం ఇప్పుడు నాతో మోకరించండి.