కెమెరా పాస్ చేసిన బట్ట

సూరత్‌లో మా మగ్గాల కార్ఖానాకు కెమెరా మిషిన్ వచ్చిన వారమే సేఠ్ నన్ను చెకింగ్‌కు ఇన్‌చార్జిని చేశాడు. బట్ట కెమెరా కింద జారిపోతుంటే, తెగిన పోగునూ నూనె మరకనూ మిషినే పట్టుకుని తెరమీద ఎర్రగా చూపించేది. అంతకుముందు ఆ పని ఆరుగురం చేసేవాళ్లం. ఇన్‌చార్జినయ్యాక నేను వెళ్తే టీ దగ్గర మాటలు ఆగిపోయేవి. ఏడాది తిరక్కుండా నలుగురిని పంపించేశారు. ఆ మాట వాళ్లకు చెప్పింది నేనే. చివరికి నేనూ, నాకు పని నేర్పిన అక్కా మిగిలాం.

ఒకరోజు ఆమె నడుస్తున్న మిషిన్‌ను ఆపేసింది. బట్టను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "జర చూడు తమ్మీ. గీడికెల్లి దారం మారింది. వేరే లాట్‌ది కలిసింది" అంది.

తెర మీద ఒక్క గుర్తూ లేదు. "మిషిన్ పాస్ చేసింది గదక్కా" అన్నాను.

"మిషిన్ సంగతి సరే. నువ్వేమంటవ్?"

నేనూ బట్ట పట్టుకుని చూశాను. తేడా తెలిసింది. కానీ సేఠ్ అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. మిషిన్ ఎందుకాగిందో నేనే చెప్పుకోవాలి. "పోనియ్యక్కా" అన్నాను. ఆమె బట్ట వదిలేసి మిషిన్‌ను మళ్లీ నడిపింది. ఆ శనివారమే పని మానేసింది.

తర్వాతి నెలలో ఆ సరుకు రంగుల మిల్లు నుంచి తిరిగొచ్చింది. రంగు పడ్డాక దారం మారిన చోట అడ్డంగా పట్టీలు తేలాయి. సేఠ్ మిషిన్ వాళ్లకు ఫోన్ చేయబోతుంటే, అక్క ముందే చెప్పిందనీ, తప్పు నాదేననీ ఒప్పుకున్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి, ఆమెను పిలుచుకురమ్మన్నాడు.

ఆదివారం అదే ఊళ్లో బమ్రోలి పేటలో ఉన్న ఆమె గదికి వెళ్లాను. కూలికి చీరకు మెరుపు రాళ్లు అంటిస్తోంది. జరిగింది చెప్పి, మళ్లీ రమ్మన్నాను.

"గా రోజు నీకు గూడ తెల్సింది తమ్మీ. నీ మొఖం జూసిన. తెల్సి గూడ పోనియ్యమన్నవ్. మల్ల గట్ల అనవని ఏం నమ్మకం?"

ఆమె పెట్టిన టీ తాగి లేచాను. గుమ్మం దాకా వచ్చి, "పైలంగ పో" అంది.

ఇప్పుడు అనుమానం వస్తే మిషిన్ ఆపుతున్నాను. సేఠ్ ఏమీ అనడం లేదు. కొన్నిసార్లు మాత్రం దారం మారిందో లేదో నాకు తేలదు. అడుగుదామంటే చెకింగ్ హాల్లో ఇంకెవరూ లేరు.